రంగు ఎక్కువైన కంబాలు

కరోనా రావడానికి రెండు మూడేళ్ల ముందు, ఒక ఎండాకాలం చివర, నన్ను వేలూరులోని జోనల్ ఆఫీసు నుంచి గుడియాత్తం వైపు పట్టణ పంచాయతీల పనులు చూడమని పంపారు. హోదా అసిస్టెంట్ ఇంజనీరు. పట్టణ పంచాయతీ అనేది పల్లెకు ఎక్కువ, మునిసిపాలిటీకి తక్కువ. దాన్ని నడిపే అధికారిని ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు అంటారు, వాడుకలో ఇ.ఓ. ఆయనకు సొంత ఇంజనీరు ఉండడు. నాలాంటివాళ్లం నాలుగైదు ఊళ్లకు ఒకరం చొప్పున తిరుగుతూ రోడ్డు, కాలువ, నీళ్ల ట్యాంకు, వీధి దీపం అన్నిటికీ అంచనాలు వేసి, పని జరిగాక కొలిచి, సంతకం పెట్టేవాళ్లం. నేను చెప్పబోయే సంగతి జరిగిన ఊరి పేరు రాయడం లేదు. అది గుడియాత్తానికి దగ్గరే. అక్కడ నాతో పనిచేసినవాళ్లలో కొందరికి ఇంకా సర్వీసు ఉంది.

నా గురించి రెండు మాటలు. మాది వేలూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. నాన్న మేస్త్రీ. సెంట్రింగు పలకల్లోంచి మేకులు పీకి, సుత్తితో సాపు చేసి, మళ్లీ అదే పనికి వాడేవాడు. మా ఇంట్లో కొత్త మేకు చూడటం పండగ రోజు కొత్త బట్ట చూడటంతో సమానం. చిన్నప్పుడు కొన్నేళ్లు చిత్తూరులో మేనమామ ఇంట్లో ఉండి చదివాను కాబట్టి తెలుగు రాయగలను. మా వైపు చాలామందికి మాట బ్రహ్మాండంగా వస్తుంది, అక్షరం రాదు.

ఇంజనీరు అంటే కొత్తవి కట్టేవాడని జనం అనుకుంటారు. నా సర్వీసులో చాలా భాగం పాతవాటిని ఏం చేయాలో తేల్చడంలో గడిచింది. ఆ ఊరికి నేను చేరగానే నాకు అప్పగించిన మొదటి పని కూడా అలాంటిదే. ఊళ్లో చెత్తను తడి, పొడి అని వేరు చేయడానికి ఒక షెడ్డు మంజూరైంది. షెడ్డు కట్టవలసిన చోటు ఆఫీసు పెరడు. ఆ పెరట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు. చక్రాలు లేని చెత్త బళ్లు, అడుగు పోయిన బ్లీచింగు డ్రమ్ములు, చేతిపంపుల తలకాయలు, ఎవరో ఎప్పుడో స్వాధీనం చేసుకున్న ఒక తోపుడుబండి, దాని మీద అలాగే ఎండిపోయిన నిమ్మకాయలు. గోడ వారగా ఇనుప దీపస్తంభాలు పడి ఉన్నాయి. ట్యూబులైట్ల కాలంలో నాటినవి. పెద్ద దీపాలు వచ్చాక ఎత్తు చాలదని పీకేశారు. అక్కడివాళ్లు వాటిని కంబాలు అంటారు, నేనూ అలాగే అంటాను. ఊరి చెత్త సంగతి చూడాలంటే ముందు ఆఫీసు చెత్త సంగతి చూడాలన్నమాట.

దీనికి ఒక పద్ధతి ఉంది. సామాను పనికిరాదని తేల్చడాన్ని కండెమ్ చేయడం అంటారు. ఇంజనీరు చూసి ప్రతిపాదన పంపాలి. పై ఆఫీసు నుంచి అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఏ.ఇ.ఇ., వచ్చి కళ్లతో చూసి ఒప్పుకోవాలి. ఆ తరువాత వేలం. పనికొచ్చే సామానును కండెమ్ చేస్తే ఇంజనీరుకు మెమో వస్తుంది. పనికిరాని సామానును ఉంచుకుంటే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. ఈ రెండింటికీ నడుమ ఎటూ తేలని సామాను ఏదైతే ఉంటుందో, అదే ప్రతి ఆఫీసు పెరట్లోనూ ఏళ్ల తరబడి ఉంటుంది. ఇక ఊరికే ఎవరికైనా ఇచ్చేద్దామంటే కుదరదు. ప్రజల సొమ్ముతో కొన్న వస్తువును ప్రజల్లో ఒకరికి ఇవ్వకూడదు. ప్రజలందరికీ ఇవ్వవచ్చు గాని అందరూ కలిసి ఒకేసారి వచ్చి పట్టుకుపోరు కదా.

నేను పెరట్లో నిలబడి ఆ కంబాల కేసి చూస్తూ ఉండగా చెంగమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. నేతవీధిలో ఉంటుంది. చేతిలో తమిళంలో రాయించిన అర్జీ ఉంది. నా పేరు, ఊరు అడిగి, మనమూ మనమూ ఒకటేనని తేలాక మాట తెలుగులోకి దిగింది. అర్జీని నా చేతికి ఇవ్వకుండా చంకలో పెట్టుకునే మొత్తం సంగతి చెప్పింది.

ఆమె చెప్పింది అర్థం కావాలంటే నేత పనిలో ఒక దశ గురించి చెప్పాలి. మగ్గం మీద నిలువుగా ఉండే దారాలను పడుగు అంటాం. వాళ్లు తమిళ మాట కలిపి పావు అంటారు. పడుగు మగ్గానికి ఎక్కే ముందు దానికి గంజి పట్టించి ఆరబెట్టాలి, లేకపోతే నేసేటప్పుడు దారం పోగులు లేచి తెగుతుంది. అందుకోసం తెల్లవారక ముందే పడుగును వీధి పొడవునా సాచి, రెండు చివర్లా గట్టిగా కట్టి, గంజి చల్లి, ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ నడుస్తూ పొడుగాటి కుంచెతో దువ్వుతారు. తెగిన పోగులు అక్కడే అతుకుతారు. ఎండ ముదిరేలోగా అది ఆరి, చుట్టేయడానికి సిద్ధం కావాలి. ఆ వీధిలో లుంగీలు నేసే మగ్గాలన్నిటికీ గంజి పని చెంగమ్మ ఇంటిదే. ఆమె, ఇద్దరు తోడికోడళ్లు కలిసి చేసేవాళ్లు. నేసేవాళ్లకు నూలు ఇచ్చి బట్ట తీసుకునే యజమాని ఒకడున్నాడు. గంజి పనికి ఆయనే కూలి ఇస్తాడు.

వీధికి రెండు చివర్లా పడుగు కట్టడానికి రాతి గూటాలు ఉండేవి. ఎప్పటివో ఎవరికీ తెలియదు. నేను రావడానికి ముందు ఆ వీధికి సిమెంటు రోడ్డు వేశారు. అంచనాలో అడ్డంకుల తొలగింపు అని ఒక పద్దు ఉంటుంది. కాంట్రాక్టరుకు అడ్డంకులు కనిపించాయి, తొలగించాడు. గూటాలు ఏమయ్యాయని అడిగితే అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. కొత్త రోడ్డును పగలగొట్టి మళ్లీ గూటాలు నాటడానికి ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకున్నా లాభం లేదు, ఎందుకంటే రోడ్డు నున్నగా అయ్యాక పాలబళ్లు, స్కూలు వ్యానులు ఆ వీధిగుండా దగ్గరిదారి కనిపెట్టాయి.

అయినా వాళ్లు పని ఆపలేదు. ఒక చివర కరెంటు మీటరున్న గోడ ఇనుప కమ్మీకి, రెండో చివర ఆగి ఉన్న ఆటో వెనక బంపరుకు పడుగు కట్టి గంజి పెట్టారు. కొన్నాళ్లు బాగానే సాగింది. ఒకరోజు ఎవరికో నొప్పులొస్తున్నాయని ఆటోకు పిలుపొచ్చింది. డ్రైవరు వెనక్కి చూడకుండా బండి తీశాడు. పడుగు సందు మలుపు దాకా ఆటో వెంట పోయింది. బిడ్డ క్షేమంగా పుట్టింది. పడుగును మాత్రం ఎవరూ బాగుచేయలేకపోయారు.

"రాళ్లు అడిగేదానికి రాలేదమ్మా," అంది చెంగమ్మ. "అవి యాడికి పోయినాయో ఇంక విచారించి ఏం లాభం. ఈడ కంబాలు ఊరికే పడి ఉండాయి గదా. నాలుగు మాకిస్తే సంత మైదానంలో నాటుకుంటాం. యజమాని ఆడి నెల దాకా చూస్తానన్నాడు. ఆ పైన ఈరోడు నుంచి మిషను పావు తెప్పించుకుంటాడంట."

అంటే విషయం ఇది. జూలై సగంలో మొదలయ్యే తమిళ నెల ఆడి దాటితే మిషను మీద గంజి పెట్టిన పడుగులు లారీలో వస్తాయి. మగ్గాలు ఆగవు. చెంగమ్మ ఇంటి పని ఆగుతుంది. ఆ ఇంట్లో ఇంకో పని తెలిసినవాళ్లు లేరు. చిన్న తోడికోడలు అప్పటికే చెప్పుల ఫ్యాక్టరీ బస్సు ఎక్కడం మొదలుపెట్టింది.

నేను ఇ.ఓ. గారిని కలిశాను. ఆయన మెత్తటి మనిషి. ఆ రోజుల్లో ఎన్నికైన సభ్యులు లేరు కాబట్టి ఆ ఊరికి సంబంధించిన ప్రతి నిర్ణయమూ ఆయనదే, అందుకని ఏ నిర్ణయమూ తీసుకోకుండా జాగ్రత్తగా ఉండేవాడు. కంబాలు ఊరికే ఇవ్వడం కుదరదు, ఆ మాట నాకూ తెలుసు. అయితే ఒక దారి ఉందని చెప్పాను. సామానంతా కండెమ్ చేయించి, వేలంలో ఇనుమును ఒకే రాశిగా కాకుండా చిన్న చిన్న రాశులుగా పెడదాం, నేతవీధివాళ్లు కలిసి ఒక రాశి పాడుకుంటారు, సంత మైదానం వారంలో ఆరు రోజులు ఖాళీయే కాబట్టి ఉదయంపూట వాడుకోవడానికి అనుమతి ఇద్దాం అన్నాను. ఆయన కాసేపు ఫ్యాను కేసి చూసి, ఏ.ఇ.ఇ. గారు ఒప్పుకుంటే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. అది ఆయన దగ్గర దొరికే పెద్ద ప్రోత్సాహం.

నేతవీధికి వెళ్లి చెంగమ్మకు పద్ధతి అంతా వివరించాను. వేలూరు నుంచి పెద్ద ఆఫీసరు వస్తాడు, కంబాలు చూస్తాడు, ఆయన చూసి సరేనంటే అవి మీకు చేరే దారి ఉంది అని చెప్పాను. అందులో ఒక్క అబద్ధం లేదు. వాళ్లు దాన్ని శ్రద్ధగా విన్నారు. ఆఫీసరు ఏ రోజు వస్తాడని మాత్రం రెండుసార్లు అడిగారు.

ఆఫీసరు వచ్చే రోజు నేను కాట్పాడిలో ప్యాసింజరు ఎక్కాను. లత్తేరిలో మా బండిని పక్కకు తప్పించి వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇచ్చారు. ఒకటి పోయింది, ఇంకొకటి పోయింది. నేను ప్లాట్‌ఫారం మీద వేరుశనక్కాయలు తింటూ, ఏ.ఇ.ఇ. గారు జీపులో వస్తారు కదా, ముందే చేరుకుంటారేమో అనుకున్నాను. అలాగే జరిగింది.

నేను పెరట్లోకి అడుగు పెట్టేసరికి నేతవీధి ఆడవాళ్లంతా గోడ వారగా వరసగా నిలబడి ఉన్నారు. ఇ.ఓ. గారు చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నారు. కంబాలు నేల మీద లేవు, ఇటుకల మీద ఎత్తి పెట్టి ఉన్నాయి. తుప్పంతా గీకేశారు. చింతపండుతో తోమి, ఆరాక వెండి రంగు రెండు పూతలు వేశారు. ఒక్కొక్క కంబానికీ తల దగ్గర పసుపు రాసి, కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టారు. పక్కన పళ్లెంలో కొబ్బరికాయ, తమలపాకులు. పెళ్లిచూపులకు పిల్లను తయారుచేసినట్టు చేశారు. నా ప్రతిపాదనలో వాటి గురించి నేను రాసిన మాటలు 'తుప్పు పట్టి వినియోగానికి తగనివి'.

వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి అడిగాను. ఆఫీసరు వస్తున్నాడు, శుభ్రం చేస్తామంటే ఎవరైనా వద్దంటారా అని అతను నన్నే తిరిగి అడిగాడు.

వాళ్ల లెక్క వాళ్లకు ఉంది. పడుగు కట్టే కంబానికి తుప్పు ఉంటే దారానికి మరక అంటుతుంది, గరుకు తగిలితే పోగు తెగుతుంది. ఎలాగూ గీకాల్సిందే, ఆ పని ముందే చేసేస్తే ఆఫీసరుకూ మర్యాదగా ఉంటుంది అనుకున్నారు. పైగా భూమిలో నాటబోయే ఏ కంబాన్నయినా, పెళ్లి పందిరికి మొదటి కాలు పాతినట్టు, పసుపూ కుంకుమా పెట్టకుండా వాళ్లు తాకరు. పెద్దమనిషి చూడటానికి వస్తుంటే మాసిపోయిన వస్తువును ముందు పెట్టడం వాళ్ల ఇళ్లలో లేదు. ఆ సర్కారు పద్ధతిలో మాత్రం మాసిపోయి ఉండటమే కంబానికి ఉన్న ఏకైక అర్హత.

ఏ.ఇ.ఇ. గారు నిజాయితీపరుడు, ఆ రోజు నాకు దానితోనే చిక్కొచ్చింది. తమిళాయన, వయసులో నాకంటే చిన్న. ఒక్కొక్క కంబాన్నీ జీపు తాళంచెవితో తట్టి శబ్దం విన్నాడు. కొలత పనిముట్టుతో గొట్టం మందం చూశాడు. సప్లయరు పంపిన కొత్త కంబాలు కూడా ఇంత బాగా ఉండటం తాను చూడలేదని ఇ.ఓ. గారితో అన్నాడు. తన ఫోనులో ఫోటో తీసి, సామాను ఎలా ఉంచుకోవాలో చూసి నేర్చుకోమని జోనులోని ఇంజనీర్లందరికీ పంపాడు. నాకు కూడా వచ్చింది. ఆ తరువాత బళ్లనూ డ్రమ్ములనూ తోపుడుబండినీ కండెమ్ చేసి, కంబాల దగ్గర నా మాట కొట్టేసి 'వినియోగానికి తగినవి, వెంటనే వాడుకలో పెట్టవలెను' అని రాశాడు. కొబ్బరికాయ మర్యాదగా అందుకుని జీపెక్కాడు.

చెంగమ్మకు మా తమిళ ఆఫీసు భాష పూర్తిగా అందలేదు గాని మా ముఖాలు అందాయి. దగ్గరికి వచ్చింది.

"రంగు సాల్లేదా అమ్మా?" అంది. "ఇంగో డబ్బా ఉండాది ఇంట్లో. తెచ్చి పూసేస్తాము."

"ఎక్కువైపోయిందమ్మా," అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి కంబాల కేసి చూసింది. ఎక్కడ ఎక్కువైందో వెతుకుతున్నట్టు చూసింది. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద అంటే చెప్పలేను. ఏ.ఇ.ఇ. గారు రాసింది నిజం. ఆ ఆడవాళ్లు చేసింది మంచిపని. ఆడి నెల దగ్గరపడుతోంది. అందరూ సరిగ్గానే నడుచుకున్నారు, ఒక ఇంటి పని పోబోతోంది. ఉద్యోగంలో నేను చూసిన కష్టాల్లో సగం ఇలాంటివే, తప్పు చేసినవాడు ఒకడు దొరికితే అవి ఎంత తేలికయ్యేవో అనిపిస్తుంది.

ఇ.ఓ. గారికి మాత్రం ఊరట కలిగింది. కంబాలను తీసుకెళ్లి నీళ్ల ట్యాంకు కింద పేర్చేయమన్నాడు. పెరడు ఖాళీ అవుతుంది, వేలం గొడవా ఉండదు. వాచ్‌మన్ నలుగురిని పిలవడానికి వెళ్లాడు. నేను ఆ కాగితం చేతిలో పట్టుకుని మరోసారి చదివాను. 'వెంటనే వాడుకలో పెట్టవలెను.' మా శాఖలో ఈ వాక్యం 'తమ విధేయుడు' లాంటిది. రాసేవాడికీ చదివేవాడికీ అది కంటికి కనిపించదు. దాన్ని ఎవరైనా పాటించగా నా సర్వీసులో చూడలేదు. పాటిస్తే ఏమవుతుందో చూద్దామనుకున్నాను.

కంబాలు వాడుకకు తగినవైతే వాటిని ఎక్కడ నాటాలో చెప్పవలసింది ఇంజనీరు. ఆ ఊళ్లో ఆ ఇంజనీరును నేను. సంత మైదానంలో దీపాలు లేవు. సంత జరిగే రోజున బేరగాళ్లు పొద్దు పొడవక ముందే మూటలు దింపుకుంటారు, అక్కడ వెలుతురు కావాలని ఏళ్లుగా అర్జీలు ఉన్నాయి. ఆ వెలుతురుకు చిన్న దీపాలు చాలు, వాటికి ఈ కంబాల ఎత్తు సరిపోతుంది. పొడవునా రెండు చివర్లా దీపాలు పెడితే మైదానమంతా కనిపిస్తుంది. ఇది నా ఊహ కాదు, ఏ ఇంజనీరును అడిగినా ఇదే చెబుతాడు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాటవేస్తే వృత్తికి ద్రోహం. దీపం ఉన్న ఇనుప కంబానికి తడి దారం కట్టకూడదు. కరెంటు తీగలో ఎక్కడ చిన్న లోపం వచ్చినా తడి గంజి మీదుగా మనిషికి తగులుతుంది. నాలుగు ప్రాణాలు పోయే పని. కానీ తీగల పనిలో ఇంకో రకం కంబం ఉంది. వరసలో చివరి దీపస్తంభాన్ని తీగ ఒక పక్కకు లాగుతూ ఉంటుంది. అది ఒరిగిపోకుండా రెండో పక్క నుంచి ఒక ఇనుప తాడుతో లాగి పట్టాలి, దాన్ని స్టే అంటారు. మామూలుగా ఆ తాడును ఏటవాలుగా దించి నేలలో పాతుతారు. జనం తిరిగే చోట కాళ్లకు అడ్డం వస్తుందనుకుంటే కాస్త దూరంలో వట్టి కంబం ఒకటి నాటి, తాడును దాని తలకు పైనుంచే కట్టేస్తారు. దీన్ని ఫ్లై స్టే అంటారు. తాడు మధ్యలో పింగాణీ గుండు వేస్తారు కాబట్టి దీపం వైపు కరెంటు ఆ వట్టి కంబానికి రాదు. ఆ కంబం చేసే ఉద్యోగం ఒక్కటే, కదలకుండా నిలబడి లాగుడు భరించడం. అందుకే దానికి కాంక్రీటు పునాది గట్టిగా పోస్తాం.

పడుగు కట్టడానికి కావలసింది కూడా అదే.

మరుసటి వారం చెంగమ్మను మైదానానికి రమ్మన్నాను. పడుగుకు ఎంత దూరం కావాలో ఆమె నడిచి చూపింది, ఆడి గాలి ఏ వైపు నుంచి కొడుతుందో చెప్పింది. గాలికి ఎదురుగా కాకుండా, సంతలో వంకాయలు పోసే అరుగు పక్కగా గీత గీశాం. ఆ గీతకు రెండు చివర్లా స్టే కంబాలు, వాటికి అవతల, తీగ వచ్చే వైపున, దీపస్తంభాలు వచ్చేలా నక్షా వేసి, అంచనా రాసి వేలూరుకు పంపాను.

రెండు రోజుల్లో ఏ.ఇ.ఇ. గారి నుంచి ఫోను వచ్చింది. ఖాళీ మైదానంలో మామూలు స్టే చాలు కదా, ఫ్లై స్టే ఎందుకని అడిగారు. తెల్లవారుజామున ఆడవాళ్లు దారం పట్టుకుని అటూ ఇటూ నడుస్తారు, కాళ్లకు తాడు అడ్డం వస్తుందని చెప్పాను. ఏ దారం అని అడిగారు. మొత్తం చెప్పాను. గూటాలు, ఆటో, ఈరోడు, పసుపూ కుంకుమా అన్నీ చెప్పాను. అంతా విని, తడి దారం దీపస్తంభానికి ఏ విధంగానైనా తగులుతుందా అని అడిగారు. తగలదని, పింగాణీ గుండ్లు రెండేసి వేస్తున్నానని, ఎర్త్ విడిగా ఇస్తున్నానని చెప్పాను. ఆయన ఫోటో సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మంజూరు కాగితం వచ్చింది. దాని కింద ఆయన సొంత చేతిరాతతో ఒక షరతు ఉంది, దీపస్తంభాలకు ఏదీ కట్టరాదని. ఆయన రాయకపోతే ఆ మాట నేను రాసేదాన్ని.

ఆడి నెల సగం గడిచాక కంబాలు లేచాయి. నాటే ముందు ఆడవాళ్లు మళ్లీ పసుపూ కుంకుమా పెట్టారు, మొదట పెట్టినవి లెక్కలోకి రావట. ఇ.ఓ. గారు కూడా వచ్చి కొబ్బరికాయ కొట్టారు. అది దీపాలకు కొడుతున్నానని నాతో విడిగా చెప్పారు.

కాంక్రీటు గట్టిపడటానికి ఆగమన్నన్ని రోజులు ఆగి, ఒక తెల్లవారుజామున మొదటి పడుగు సాచారు. నేను ముందురోజే గుడియాత్తంలో బంధువుల ఇంట్లో దిగి, పొద్దున్నే వెళ్లాను. ఆరెంజి, ఆకుపచ్చ గళ్ల లుంగీలకు వేసిన పడుగు. చెంగమ్మ ఒక చివర స్టే కంబానికి ముడి వేసి, కాలు దన్ను పెట్టి వెనక్కి వాలి మరీ లాగింది. రెండో చివర పెద్ద తోడికోడలు లాగింది. ఆడి గాలి వచ్చి పడుగును పొంగించింది, దించింది. ఇరవై ఏళ్లుగా నీళ్ల ట్యాంకులు నింపించి చూసినదాన్ని, ఇంత భయం ఎప్పుడూ వేయలేదు.

"నిలబడింది," అంది చెంగమ్మ, ఎవరితోనూ కాకుండా. కుంచె అందుకుని పనిలో పడింది. ఆ తరువాత నా వైపు ఎవరూ చూడలేదు. గంజి ఆరేలోగా చూడటానికి వాళ్లకు తీరికా లేదు.

ఎండ ఎక్కాక యజమాని స్వయంగా స్కూటరు మీద వచ్చాడు. పడుగును వేళ్లతో మీటి చూశాడు, ఒక చోట పోగులు విడదీసి చూశాడు. సాయంత్రం నూలు మూటలు చెంగమ్మ ఇంటి ముందు దిగాయి. ఈరోడు లారీ ఆ ఏడాది ఆ వీధికి రాలేదు. చెప్పుల ఫ్యాక్టరీకి పోయిన చిన్న తోడికోడలు మాత్రం తిరిగి గంజి పనికి రాలేదు. అక్కడ ఫ్యాను కింద కూర్చుని చేసే పని అని చెప్పిందట. ఆమె చోట పొరుగింటి కోడలు చేరింది.

ఆడిట్‌లో ఒక ప్రశ్న వచ్చింది, రెండు దీపాలకు రెండు స్టే కంబాలు, వాటికింత పునాది అవసరమా అని. లాగుడు ఎక్కువ అని జవాబు రాశాను. అది అంగీకరించారు.

ఒక నెల తరువాత చెంగమ్మ ఆఫీసుకు వచ్చింది. నాకు ఏదో చెబుతుందని, దానికి ఏం జవాబు చెప్పాలా అని నేను లోపల మాటలు సర్దుకుంటున్నాను. ఆమె తమిళంలో రాయించిన ఇంకో అర్జీ బల్ల మీద పెట్టింది.

"వానొస్తే పావు యాడికి ఎత్తుకుపోయేది అమ్మా?" అంది. "ఆ అరుగు పక్కన రేకులు నాలుగు వేయించేస్తే బాగుంటాది. మీ పాత మీటింగు హాలు రేకులు దించినారంట గదా."

నాకు మొదట మనసు చివుక్కుమంది. ఒక్క మంచిమాట అంటుందని ఎదురుచూశాను, అబద్ధం ఎందుకు. తరువాత అర్జీ మీద తేదీ వేసి, నంబరు వేసి, ఆ రేకులు చూడటానికి లేచాను. రేకులు బాగానే ఉన్నాయి. వాటిని ఎవరూ తోమకుండా ఆ రోజే గదిలో పెట్టించి తాళం వేయించాను.

ఆ తరువాత రిటైరయ్యేదాకా చాలా ఊళ్లలో మిగులు సామాను పంచాను. బడులకు బల్లలు, అంగన్‌వాడీలకు డ్రమ్ములు, ఆరోగ్య కేంద్రానికి ఫ్యాన్లు. ఇచ్చిన రోజు ఫోటోలు తీసుకుని, దండం పెట్టి, మళ్లీ కనిపించనివాళ్లు చాలామంది. వాళ్ల దగ్గరికి తనిఖీకి వెళితే సామాను వాళ్ల పెరట్లో కనిపించేది, మా పెరట్లోంచి అక్కడికి మారిందంతే. ఇచ్చిన వస్తువు పనిలో పడిందనడానికి నాకు తెలిసిన గుర్తు ఒక్కటే. తీసుకున్న మనిషి ఇంకో అర్జీతో వస్తుంది.